పిల్లల గేమ్ ఖాతా హ్యాక్ అయి డబ్బు పోతే ఏం చేయాలి?



ఆ మధ్య ఒక ఆదివారం, ప్రసాదాల వరుసలో నిలబడ్డప్పుడు మన సభ్యులొకరు మాకు ఫోన్ తెరిచి చూపించారు. ఆయన క్రెడిట్ కార్డు మీద ఒక్క రాత్రిలో పదకొండు కొనుగోళ్లు జరిగాయి, మొత్తం 430 డాలర్లు. అన్నీ వాళ్లబ్బాయి ఆడే గేమ్‌లోనివే. ఇంట్లో అప్పటికే పెద్ద గొడవైంది. పన్నెండేళ్ల పిల్లాడు "నేను కొనలేదు నాన్నా" అని ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు.

పిల్లాడు చెప్పింది నిజమే. ఎవరో వాడి ఖాతాలోకి దూరి, అందులో దాచిపెట్టి ఉన్న కార్డుతో గేమ్ నాణేలు కొని, వేరే ఖాతాలకు కానుకలుగా పంపేశారు. అయితే పిల్లాడు ఒక సంగతి దాచాడు. పది రోజుల ముందు "ఉచితంగా నాణేలిస్తాం" అన్న ఒక సైట్లో తన పాస్‌వర్డు కొట్టాడు. ఆ తర్వాత "మీ ఖాతాలోకి కొత్త చోటు నుంచి ఎవరో ప్రవేశించారు" అని ఈమెయిల్ వస్తే, తిడతారన్న భయంతో చెరిపేశాడు. ఆ రోజే చెప్పి ఉంటే ఒక్క డాలరు కూడా పోయేది కాదు.

ఆ కుటుంబం అనుమతితోనే ఇది రాస్తున్నాం. ఇలాంటిది ఎవరింట్లోనైనా జరగవచ్చు. జరిగితే ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది చాలా ముఖ్యం.

ముందు తాళాలు మార్చండి

మొదట మార్చాల్సింది గేమ్ పాస్‌వర్డు కాదు, ఆ ఖాతాకు జోడించిన ఈమెయిల్ పాస్‌వర్డు. ఈమెయిల్ దొంగ చేతిలో ఉంటే, మీరు గేమ్ పాస్‌వర్డు ఎన్నిసార్లు మార్చినా అతను మళ్లీ మార్చేస్తాడు. ఆ తర్వాత గేమ్ పాస్‌వర్డు మార్చి, అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయండి. రెండింటికీ ఫోన్‌కు కోడ్ వచ్చే రెండంచెల భద్రత పెట్టండి. ఖాతాలో దాచిన కార్డులను తీసేయండి. పేపాల్ జోడించి ఉంటే, పేపాల్‌లోకి వెళ్లి అక్కడి అనుమతినీ రద్దు చేయండి. అదే పాస్‌వర్డు ఇంకెక్కడైనా వాడుతుంటే అక్కడా మార్చాల్సిందే.

రుజువులు పోగుచేయండి

ప్రతి కొనుగోలు తేదీ, మొత్తం, రసీదు నంబరు రాసుకోండి. కొత్త చోటు నుంచి ప్రవేశించినట్టు వచ్చిన ఈమెయిళ్లను చెరపకండి. ఖాతా మీదేనని నిరూపించుకోవడానికి, మీరు మొట్టమొదట చేసిన కొనుగోలు రసీదు బాగా పనికొస్తుంది.

కంపెనీకి చెప్పండి, బ్యాంకు గడువు మరవకండి

చాలామంది నేరుగా బ్యాంకుకు ఫోన్ చేసి డబ్బు వెనక్కి లాగిస్తారు. దానికి మీకు హక్కు ఉంది. కానీ అలా చేస్తే చాలా గేమ్ కంపెనీలు ఖాతాను మూసేస్తాయి. పిల్లలు ఏళ్ల తరబడి కొనుక్కున్న ఆటలన్నీ దాంతో పోతాయి. అందుకని ముందు కంపెనీ సహాయ విభాగానికి "ఖాతా హ్యాక్ అయింది, ఈ కొనుగోళ్లు మావి కావు" అని రాసి, వాపసు అడగండి. గేమ్‌లోపలి సహాయ పేజీ నుంచే రాయండి. గూగుల్‌లో వెతికితే దొరికే ఫోన్ నంబర్లలో దొంగవి కూడా ఉంటాయి.

2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ తయారుచేసే ఎపిక్ గేమ్స్ సంస్థ, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన కేసుల్లో మొత్తం 52 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అందులో 24.5 కోట్లు కొనుగోలుదారులకు వాపసు ఇవ్వడానికి. తాము అనుమతించని ఛార్జీల మీద బ్యాంకుకు ఫిర్యాదు చేసినవారి ఖాతాలను మూసేసిందన్నది కమిషన్ ఆరోపణల్లో ఒకటి. ఇకపై అలా మూయకూడదని ఆదేశం కూడా ఇచ్చింది. అయితే ఆ ఆదేశం ఆ ఒక్క సంస్థకే.

కంపెనీ జవాబు కోసం నెలల తరబడి కూర్చోవద్దు. క్రెడిట్ కార్డు అయితే, తప్పు ఛార్జీ ఉన్న మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేరాలి. దొంగ ఛార్జీలకు చట్టప్రకారం మీ బాధ్యత 50 డాలర్లకు మించదు. డెబిట్ కార్డు అయితే ఆగనే వద్దు, తెలిసిన రోజే బ్యాంకుకు చెప్పండి. అక్కడ పోయేది మీ ఖాతాలోని అసలు డబ్బు, పైగా ఆలస్యమయ్యేకొద్దీ రక్షణ తగ్గుతుంది. గిఫ్ట్ కార్డు నింపిన సొమ్ము పోతే బ్యాంకు చేయగలిగింది లేదు, కంపెనీనే అడగాలి.

పిల్లలే కొని ఉంటే

అప్పుడు హ్యాక్ అయిందని బ్యాంకుకు అబద్ధం చెప్పకండి. "మా పిల్లాడు తెలియక కొన్నాడు" అని కంపెనీకి ఉన్నదున్నట్టు రాయండి. అలాంటి విన్నపాలకు వాపసు ఇచ్చే సందర్భాలున్నాయి. డబ్బు కోసం మనం అబద్ధమాడితే, పిల్లలు చూసి నేర్చుకునేది అదే.

ఇండియాలో ఉన్న బావలతో, వదినలతో కలిసి ఆడటానికి పాస్‌వర్డు ఇచ్చేసే పిల్లలూ ఉన్నారు. అక్కడి నుంచి ఎవరైనా ఆడితే అదీ కొత్త చోటుగానే కనిపిస్తుంది. దొంగెవరో, బావెవరో తేల్చుకోలేం. కలిసి ఆడాలంటే ఎవరి ఖాతా వారికే ఉండాలి.

ఆ కుటుంబానికి మూడు వారాల్లో డబ్బు తిరిగొచ్చింది. ఖాతా కూడా దక్కింది. నాన్న కొడుకుతో "నిన్ను నమ్మకపోవడం నా తప్పురా" అన్నారట. ఇప్పుడు వింత ఈమెయిల్ ఏది వచ్చినా పిల్లాడు ముందు నాన్నకే చూపిస్తున్నాడు.

చలికాలం సెలవులు వస్తున్నాయి, పిల్లలు ఇంట్లోనే ఉంటారు. ఈ వారం ఒక సాయంత్రం వాళ్ల పక్కన కూర్చుని ఖాతాల్లో ఏ కార్డులున్నాయో చూడండి. "ఏం జరిగినా ముందు మాకు చెప్పు, తిట్టం" అని చెప్పండి. రెండంచెల భద్రత పెట్టుకోవడంలో సాయం కావాలంటే, ఆదివారం తెలుగు బడి అయ్యాక మమ్మల్ని కలవండి. పాస్‌వర్డు మాత్రం మాకు కూడా చెప్పకండి.