పొలము తాకట్టుపెట్టి వైద్యవిద్యకు పంపుటకు ముందు

కుమారుని వైద్యవిద్యకై విదేశమునకు పంపుటకు పొలము తాకట్టు పెట్టవలెనా యని మొన్న నొక రైతు నన్నడిగెను. విత్తనములను గూర్చి యడిగినచో వెంటనే చెప్పియుందును. ఇది నా వృత్తి కాదు. విచారించి తెలిసికొన్నంత వ్రాయుచున్నాను.

స్వదేశమున ప్రభుత్వ కళాశాలలో సీటు దొరికినవారికి వేరాలోచన యక్కరలేదు; ఫీజు స్వల్పము. చిక్కంతయు దొరకనివారిదే. ఇచ్చటి ప్రైవేటు కళాశాలలో యాజమాన్యపు సీటుకంటె రష్యా, జార్జియా, కిర్గిజిస్తానములలో వ్యయము తక్కువని దళారి చెప్పును. పెక్కుచోట్ల నది నిజమే. కాని యతడు చెప్పని సంగతులు కలవు. నీట్ అర్హత లేనిదే యచ్చటి పట్టముతో నిచ్చట వైద్యము చేయరాదు. 2021 నిబంధనల ప్రకారము చదువు 54 మాసములకు తగ్గరాదు, ఆంగ్లమున జరుగవలెను, పిమ్మట 12 మాసముల ఇంటర్న్‌షిప్పు నదే సంస్థలో చేయవలెను. తిరిగివచ్చి 300 మార్కుల పరీక్షలో 150 తెచ్చుకొని, మరల నిచ్చట నొక యేడు ఇంటర్న్‌షిప్పు చేయవలెను. ఆ పరీక్షలో నెగ్గువారికంటె తప్పువారే యెక్కువ. మరల మరల వ్రాయవచ్చును గాని, వడ్డీ మాత్ర మాగదు. 2022లో యుద్ధము వలన ఉక్రెయినునుండి మన బిడ్డలు చదువు నడుమ విడిచి రావలసివచ్చెను.

జాతీయ వైద్య సంఘము ఆమోదించిన విదేశ కళాశాలలని దళారి చూపు పట్టికను నమ్మరాదు. అట్టి పట్టికను సంఘము ప్రకటింపదు.

బాలుడు మరియొకసారి నీట్ వ్రాయుట మేలనియు, పంపియే తీరవలెనన్నచో నాలుగెకరములలో రెండు మిగుల్చుకొనుడనియు నా రైతుతో జెప్పితిని. ఆయన యింకను నిశ్చయింపలేదు.