ఇంట్లో సముద్రం... అదృష్టమా, అవస్థా?

హాల్లో ఈశాన్యం మూల చేపల తొట్టె ఉంటే కలిసొస్తుందనీ, చేప చచ్చిపోతే ఇంటికి రావలసిన కీడు అది పట్టుకుపోయిందనీ చాలామంది నమ్మకం. గాజు సీసాలో గోల్డ్ ఫిష్ వేసుకున్నంత కాలం ఈ మాట చెల్లింది. ఇప్పుడు ఎలమంచిలి లాంటి ఊళ్ళలో కూడా పిల్లలు ఉప్పునీళ్ళ అక్వేరియం కావాలంటున్నారు. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమా పుణ్యమా అని నారింజ రంగు మీద తెల్లచారలున్న క్లౌన్ చేప తెలియని పిల్లలు లేరు. తొట్టె కొనేది ఎవరైనా పగలంతా కనిపెట్టుకుని ఉండాల్సింది మాత్రం ఇల్లాలే. అందుకే ఇందులో అదృష్టం పాలెంత, మన చేతిలో ఉన్నదెంత అన్నది ముందే తెలుసుకోవడం మంచిది.

మొదటి దెబ్బ తొందరపాటు వల్ల తగులుతుంది. నీళ్ళు పోసిన రోజే చేపలు వేస్తారు. వారం తిరక్కుండా ఒక్కొక్కటే తేలిపోతాయి. దిష్టి తగిలిందంటారు! అసలు సంగతేమిటంటే చేపల మలమూత్రాల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు కొత్త తొట్టెలో ఉండవు. పాలు తోడుకోవడానికి ఓ రాత్రి చాలు. ఈ నీళ్ళు 'తోడుకోవడానికి' నెల, నెలన్నర పడుతుంది. అంతవరకూ ఖాళీ తొట్టె చూస్తూ కూర్చోవాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాయని పరీక్ష చేసే కిట్‌తో చూసుకున్నాకే చేపను తేవాలి.

నీళ్ళ విషయానికొస్తే, పూడిమడక, రాంబిల్లి తీరం మనకు దగ్గరేగా, రెండు డబ్బాలు తెచ్చుకుంటే సరి అనిపిస్తుంది. కానీ ఒడ్డు నీళ్ళలో పడవల డీజిలు ఉండొచ్చు, మురుగు ఉండొచ్చు. వానలు పడి శారదా నది నిండుగా పారే రోజుల్లో అది కలిసేచోట ఉప్పదనమూ తగ్గిపోతుంది. సముద్రపు నీళ్ళలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే 200 లీటర్ల తొట్టెకి 7 కిలోలు! వంటింటి ఉప్పు పనికిరాదు. కాల్షియం, మెగ్నీషియం వగైరాలు కలిపి అక్వేరియంల కోసమే అమ్మే ఉప్పు తెచ్చి, ఆర్.ఓ. నీళ్ళలో కలుపుకోవాలి. పులుసు మరిగేకొద్దీ ఉప్పెక్కుతుంది కదా, తొట్టె కూడా అంతే. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. కాబట్టి తగ్గిన మేరకు పోయాల్సింది ఉప్పునీళ్ళు కాదు, ఉప్పు కలపని ఆర్.ఓ. నీళ్ళే.

నిజంగా దురదృష్టం అనదగ్గది కరెంటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటాక ఈ ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు ఆగితే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. గంటల్లోనే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. తుపానును ఆపలేం గానీ, బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఒకటి బీరువాలో ఉంచుకోవచ్చు. ఏదీ లేకపోతే చెంబుతో నీళ్ళు ముంచి పైనుంచి పోస్తూ ఉండటమే! మే నెల ఎండలు మరో పరీక్ష. నీళ్ళు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలంటే ఫ్యానో, చిల్లరో ఉండి తీరాలి. ఆ బిల్లు కూడా లెక్కేసుకోండి.

కొన్ని చావులకు కారణం మన చేతుల్లోనే ఉంటుంది. దోమల స్ప్రే కొట్టిన గదిలో రొయ్యలు, చేపలు బతకడం కష్టం. సబ్బు, క్రీము అంటిన చేతులు తొట్టెలో పెట్టకండి. పక్కనే ఫినాయిలుతో తుడవకండి. ఇంకొన్ని చేపలు కొట్లో కొనేనాటికే దెబ్బతిని ఉంటాయి. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వంటిచోట్ల సైనైడు చల్లి మత్తెక్కించి పట్టినవి పైకి బాగానే ఉండి కొన్ని వారాల్లో పోతాయి. హేచరీలో పుట్టిన చేపనే అడగండి. క్లౌన్ చేపల్ని హేచరీలో పుట్టించి పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలోనే తయారుచేసింది.

మరి పగడపు దిబ్బ? బతికిన పగడం తొట్టెలో మెరుస్తుంటే చూడముచ్చటే. కానీ రాతి పగడాలన్నిటినీ 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. వాటిని పట్టినా, అమ్మినా, కొన్నా నేరమే. శిక్ష మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు. "ఏం కాదు మేడమ్, అందరూ కొంటున్నారు" అనే కొట్టువాడు ఆ రోజు మన పక్కన ఉండడు. లక్షద్వీపాల్లోనో మన్నారు సింధుశాఖలోనో దిబ్బ పెరగడానికి ఏళ్ళు పూళ్ళు పడుతుంది, పెళ్ళగించడానికి ఓ నిమిషం చాలు. (మనం నల్లపూసల్లో గుచ్చుకునే ఎర్ర పగడం వేరు. అసలైనది ఎక్కువగా మధ్యధరా సముద్రానిది.) సిమెంటుతో, పింగాణీతో చేసిన రాళ్ళు పేర్చుకోండి. కొన్నాళ్ళకు వాటి మీద పాచి పట్టి, నిజం రాయిలాగే కనిపిస్తాయి.

అన్నీ కుదిరి ఓ క్లౌన్ జంట నిలదొక్కుకుందంటే మాత్రం చూడదగ్గ వింత. ఇవన్నీ పుట్టడం మగవిగానే పుడతాయి. వాటిలో పెద్దది ఆడదవుతుంది. ఆడచేప పోతే దాని జోడీ తానే ఆడదై ఆ స్థానంలోకి వస్తుంది! నీమో తండ్రి సంగతి కూడా అలాగే జరగాలి మరి, సినిమావాళ్ళు చెప్పలేదు గానీ. రాతి మీద గుడ్లు పెట్టేది ఆడది. వాటికి రెక్కలతో విసురుతూ, చెడినవి ఏరేస్తూ ఎక్కువగా కాపలా కాసేది మగది. వారం దాటాక, లైట్లార్పిన చీకట్లో పిల్లలు బయటికొస్తాయి. వాటిని పెంచాలనుకుంటే వేరే తొట్టె ముందే సిద్ధం చేసుకోవాలి.