రెండు మైకులు – ఒక దారం

డ్రమ్స్ రికార్డింగుకు బోలెడు మైకులు అక్కర్లేదు తమ్ముళ్లూ! లండన్‌లో 1968లో లెడ్ జెప్లిన్ తొలి ఆల్బమ్ రికార్డు చేసిన గ్లిన్ జాన్స్ పేరుమీదున్న పద్ధతినే మేమూ పాటిస్తాం.

స్నేర్ డ్రమ్ము మధ్య నుంచి సుమారు మూడున్నర అడుగుల దారం కొలిచి, సరిగ్గా పైన ఒక మైకు పెట్టాలి. అదే దారంతో వాయించేవారి కుడిపక్క, ఫ్లోర్ టామ్ అవతల, స్నేర్ వైపు చూసేలా రెండోది నిలపాలి. బేస్ డ్రమ్ముకు ఇంకొకటి.

కొలత ఎందుకు? శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది. ఒక మైకు 34 సెంటీమీటర్లు ఎక్కువ దూరముంటే, దెబ్బ దానికి మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిస్తే కొంత శబ్దం రద్దయి, స్నేర్ పలచబడుతుంది. ఒకే ట్రాకులో కలిసిపోయాక సరిదిద్దడం కష్టం.

వార్షికోత్సవంలో మనం వాయించేది ఒక్కసారే. ముందు దారం, తర్వాతే తాళం!