బస్సు దిగితే కొండ

ఫ్రాన్సు అనగానే మనకు పారిస్ నగరమూ, ఐఫెల్ టవరూ తప్ప మరొకటి జ్ఞాపకం రాదు. ఆ దేశానికి దక్షిణ భాగంలో, మార్సే రేవుపట్నానికి ముప్ఫై కిలోమీటర్లు ఉత్తరంగా, ఎక్స్ అనే పాతకాలపు ఊరొకటి ఉన్నది. పూర్తి పేరు ఎక్స్-ఆన్-ప్రొవాన్స్. క్రీ. పూ. 122లో సెక్స్‌టియస్ అనే రోమన్ సేనాని ఇక్కడి వేడినీటి బుగ్గల దగ్గర ఊరు కట్టించాడు. లాటిన్ భాషలో నీళ్ళను ‘అక్వే’ అంటారు. ఆ మాటే రెండువేల ఏళ్ళపాటు జనం నోళ్ళలో నలిగి, అరిగి, చివరికి ‘ఎక్స్’ అయి కూర్చున్నది. తెలుగు పాఠం చెప్పుకుని బతికేదాన్ని గనుక ఇలాంటివి కనిపిస్తే ఆగలేను, పాఠకులు మన్నించాలి. ఊరి నడివీధిలో ఒళ్ళంతా నాచుపట్టి పొదలా కనిపించే ఫౌంటెన్ ఉన్నది. పేరుకు అది వేడినీటి ఫౌంటెనే గాని, చెయ్యి పెడితే మన బావినీళ్ళంత వెచ్చగా కూడా ఉండదు.

అయితే నేను వ్రాయబోయేది ఊరిని గురించి కాదు. ఊరి చుట్టూ ఉన్న కొండలను గురించీ, అక్కడికి సాధారణ ప్రయాణీకులను చేరవేసే బస్సులను గురించీను. ఎందుకంటే, ఇవాళ మన మధ్యతరగతి కుటుంబాల్లో పిల్లో పిల్లవాడో, తమ్ముడో మరదలో విదేశంలో ఉండని ఇల్లు అరుదు. వాళ్ళను చూడటానికి వెళ్ళిన పెద్దవాళ్ళు అక్కడ చేసేదేమిటి? సోమవారం నుంచి శుక్రవారం దాకా కిటికీ దగ్గర కూర్చుని శనివారం కోసం ఎదురుచూడటం. మనకు కారు తోలటం రాదు, భాష రాదు.

మా తమ్ముడు ఎక్స్‌కు దాదాపు నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఐటర్ అనే అణుశక్తి పరిశోధనా కేంద్రంలో ఇంజనీరు. సూర్యుడిలో జరిగే అణు సంయోగాన్ని భూమి మీద జరిపించి చూడాలని అనేక దేశాలు కలిసి అక్కడ పెద్ద యంత్రాన్ని నిర్మిస్తున్నాయి. 2005 నుంచి అందులో భారతదేశమూ భాగస్వామి. వేసవి సెలవులకు అమ్మా నేనూ వాడి దగ్గరకు వెళ్ళాం. వంటింటి కిటికీలోంచి చూస్తే తూర్పున తెల్లని రాతికొండ కనిపిస్తుంది. వెళదామా అంటే, “కారు లేకపోతే కష్టం అక్కా! శనివారం నేనే తీసుకెళతాను” అన్నాడు.

అమ్మకు అరవై తొమ్మిదేళ్ళు. తిరుమల మెట్లదారి, మూడున్నర వేల మెట్లూ, నాకు జ్ఞాపకం ఉన్నంతలోనే నాలుగుసార్లు ఎక్కింది. “మరి ఆ బస్సులు ఎవరికోసం తిరుగుతున్నాయిరా?” అని అడిగింది. వాడి దగ్గర జవాబు లేదు.

ఊళ్ళోని బస్ స్టేషనులో నిలబడి చూస్తే విషయం బోధపడింది. ఆ తెల్లకొండ పేరు సాంత్ విక్తువార్. తూర్పు పడమరలుగా పద్ధెనిమిది కిలోమీటర్ల పొడవున పడుకున్న సున్నపురాతి గోడ అది. దక్షిణం వైపు కోటగోడలా నిట్టనిలువు. ఉత్తరం వైపు ఏటవాలు. అన్నిటికంటె ఎత్తయిన చోటు 1,011 మీటర్లు. దానికి ‘ఈగల శిఖరం’ అని పేరు. కొండకు ఉత్తరాన వోవెనార్గ్ అనే పల్లెకు ఒక బస్సు, పడమటి కొసన తొలొనే అనే పల్లెకు ఒకటి, దక్షిణపు గోడ కిందుగా పోయేది మరొకటి. మూడు బస్సులూ కలిసి కొండకు ప్రదక్షిణం చేస్తున్నట్లే. ఇక కారెందుకు?

కాకపోతే టైము టేబులు చదవటం ఒక విద్య. బడులు నడిచే రోజులకు ఒక వేళ, బడి సెలవులకు ఒక వేళ, ఆదివారాలకూ పండుగలకూ ఇంకొక వేళ. చిన్నయసూరి సూత్రాలకు అపవాదాలున్నట్లు ప్రతి గడికీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఏదో మినహాయింపు ఉంటుంది. అది చదవనివారు కొండ కింద రాత్రి గడపవలసిందే. నేను ఒక సాయంత్రమంతా కూర్చుని చదివాను. వెళ్ళే బస్సు కంటె ముందు తిరుగు బస్సు చూచుకున్నాను. దాన్నిబట్టి నడక, నడకను బట్టి బయలుదేరే బస్సు.

మొదటి రోజు తేలిక దారి పట్టాం. తొలొనే పల్లెలో దిగి ఎర్రమట్టి బాట వెంట, పైన్ చెట్ల మధ్యగా గంటసేపు నడిస్తే కొండల నడుమ ఒక పాత ఆనకట్ట కనిపిస్తుంది. దాని పేరు జోలా ఆనకట్ట. నవలాకారుడు ఎమీల్ జోలా పేర పెట్టారనుకుంటాం గాని, అది ఆయన తండ్రి పేర. ఫ్రాన్స్వా జోలా ఇంజనీరు. ఎక్స్ పట్నానికి మంచినీళ్ళు తెప్పించాలని ఏళ్ళ తరబడి ప్రభుత్వం చుట్టూ తిరిగి, చివరికి 1847లో పని మొదలుపెట్టాడు. ఆ సంవత్సరమే జబ్బుచేసి పోయాడు. కొడుక్కి అప్పటికి ఏడేళ్ళు నిండలేదు. ఆనకట్ట 1854లో పూర్తయింది. తండ్రి కట్టించిన నీటిపక్కన ఆ పిల్లవాడు, బడిలో తన స్నేహితుడైన పాల్ సెజాన్‌తో కలిసి సెలవుల్లో ఈ కొండల్లో తిరిగేవాడు. ఒకడు నవలాకారుడయ్యాడు, రెండవవాడు చిత్రకారుడయ్యాడు.

ఆ సెజాన్ మరి కొండను వదల్లేదు. పారిస్ వెళ్ళాడు, వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. ఇదే కొండను పదుల కొద్దీ బొమ్మలు వేశాడు. బిబెముస్ అనే రాళ్ళ గనిలో చిన్న కొట్టం అద్దెకు తీసుకుని అక్కడినుంచి వేశాడు. ఎక్స్ పట్నంలోని పాత మేడలు కట్టిన పసుపురాయి ఆ గనిలోదే. ఊరికి ఉత్తరాన లోవ్ అనే మిట్ట మీద 1902లో చిత్రశాల కట్టుకుని, దానికి పైనున్న చోటినుంచీ వేశాడు. ఆ మిట్టకు పోవాలంటే కొండ బస్సు అక్కర్లేదు, ఊరి బస్సు చాలు. 1906 అక్టోబరులో ఆరుబయట బొమ్మ వేస్తూ వానలో చిక్కుకుని, జ్వరం తగిలి, కొద్దిరోజులకే చనిపోయాడు. ఒకే కొండను అన్నిసార్లు ఎందుకు వేశాడని పుస్తకాల్లో చాలా వ్రాశారు. నేను రెండు బస్సుల్లో రెండు వైపులకు పోయి చూచినప్పుడు కొంత అర్థమయినట్లనిపించింది. తొలొనే నుంచి చూస్తే ముక్కుసూటిగా లేచిన గోపురం. వోవెనార్గ్ దారిలో చూస్తే పడుకున్న ఏనుగు. ఒకే కొండ అంటే నమ్మలేం.

వోవెనార్గ్ దారిలోనే, ఆ పల్లెకు ముందు, కబసోల్ అనే చిన్న స్టాపున్నది. కొండ ఎక్కదలచినవారికి పెద్దదారి అక్కడినుంచే. బస్సు ఎక్కగానే డ్రైవరుకు “బోంజూర్” అనటం అక్కడి మర్యాద; అనకుండా టిక్కెట్టు అడిగితే ముఖం ముడుచుకుంటారు. అమ్మ మాత్రం చేతులు జోడించి నమస్కారం పెట్టింది. ఆ డ్రైవరు ఏమనుకున్నాడో గాని, స్టాపు రాగానే తానే వెనక్కి తిరిగి మాకు చెయ్యి చూపించాడు.

దిగిన చోటనే రాతి మీద తెల్లగీత, దాని కింద ఎర్రగీత కనిపిస్తాయి. ఫ్రాన్సు దేశమంతటా దూరప్రయాణపు కాలిబాటలకు ఇదే గుర్తు. 1947 నుంచి వేస్తూ వచ్చారు. వేసేవారు జీతగాళ్ళు కారు. రంగు డబ్బా, కుంచె పట్టుకుని సెలవురోజుల్లో తిరిగే స్వచ్ఛంద సేవకులు. గీతలు రెండూ అడ్డంగా, ఒకదానికొకటి కొట్టివేసినట్లుంటే ఆ దారి తప్పు. పక్కకు వంగితే మలుపు. భాష రానివాళ్ళకు ఇంతకంటె మంచి లిపి ఏం కావాలి?

మొదట వెడల్పయిన బాట; తర్వాత చెట్లు పలచబడి రాయి మొదలవుతుంది. లక్షలాది కాళ్ళు తొక్కి పైభాగపు రాళ్ళు అద్దంలా నున్నబడ్డాయి. వాన రోజున ఆ వైపు పోకూడదు. దారి పక్కన చిన్న చిన్న ఆకుల మొక్క ఒకటి నలిపి అమ్మ వాసన చూచి, “ఇది మన వామే కదే!” అన్నది. వాము కాదు, థైమ్ అనే మొక్క. కాని అమ్మ ముక్కుకు తిరుగులేదు: రెండింటిలోనూ ఆ ఘాటు ఇచ్చే పదార్థం ఒకటే, థైమోల్.

మామూలువాళ్ళు రెండు గంటల్లో ఎక్కే దారి మాకు మూడున్నర గంటలు పట్టింది. 900 మీటర్ల ఎత్తు ప్రాంతంలో పదిహేడవ శతాబ్దం నాటి పాత మఠం, చిన్న చర్చి, రాళ్ళు పరిచిన వాకిలి ఉన్నాయి. వాకిలి చివర కొండగోడలో ఒక సందు. అందులోంచి దక్షిణపు మైదానమంతా కింద పరచినట్లు కనిపిస్తుంది. అక్కడ కూర్చుని పులిహోర తిన్నాం. నెత్తిమీద, ఇంకొంచెం పైన, 946 మీటర్ల దగ్గర 1875లో నిలిపిన పెద్ద సిలువ కనిపిస్తున్నది. ఇంకో పావుగంట, ఇరవై నిమిషాల ఎక్కుడు, అంతా రాయి. గాలి లేచింది. ఉత్తరం నుంచి వచ్చే ఆ గాలిని మిస్త్రాల్ అంటారు. పైన మనిషిని నిలబడనివ్వదు.

ఇంత దూరం వచ్చి శిఖరం చూడకుండా పోవటమా? నాకు మనసొప్పలేదు. దిగటానికి రెండున్నర గంటలు కావాలి. బస్సు నాలుగు దాటిన తర్వాత. అది పోతే మరొకటి ఎప్పుడో. “నువ్వు వెళ్ళిరా, నేనిక్కడ కూర్చుంటా” అన్నది అమ్మ. నేను సిలువ వంక చూస్తూ లెక్కలు వేస్తున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని గడియారం చూచి లేచింది. “గాలి పెరుగుతోంది. పద, దిగుదాం. కొండ రేపూ ఉంటుంది, బస్సు ఉండదు” అన్నది. దిగాం. స్టాపు దగ్గర కర్రలు పట్టుకుని ఇద్దరు ఫ్రెంచి అవ్వలు కూర్చుని ఉన్నారు. వాళ్ళకూ కారు లేదు కాబోలు. బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలుంది.

మరో రోజున అదే బస్సులో వోవెనార్గ్ దాకా పోయాం. అక్కడి కోటను 1958లో పికాసో కొన్నాడు. “సెజాన్ సాంత్ విక్తువార్ కొన్నాను” అని ఆయన ఒకరికి చెబితే, ఏ బొమ్మ అని అవతలివారు అడిగారట. బొమ్మ కాదు, అసలు కొండే అన్నాడట! 1973లో ఆయనను ఆ కోట ముందరే సమాధి చేశారు. దారిలోనుంచి చూడవలసిందే.

ఆ కొండకు ‘విజయమాత’ అనే అర్థం వచ్చే పేరెలా వచ్చిందని అడిగితే, క్రీ. పూ. 102లో మారియస్ అనే రోమన్ సేనాని ఇక్కడ ట్యూటన్ జాతివారిని ఓడించాడు గనుక, అంటారు. భాషావేత్తలు ఒప్పుకోరు. అసలు పేరు ‘వెంతూరి’ అనీ, అది రోమన్‌లకు ముందునుంచీ ఉన్న మాట అనీ, క్రైస్తవులు దాన్ని ‘విక్తువార్’గా మార్చారనీ చెబుతారు. మన స్థలపురాణాలు మాత్రం మరోలా పుట్టాయా?

వెళ్ళేవారికి ముఖ్యమైన సంగతి ఒకటున్నది. 1989 ఆగస్టులో ఈ కొండమీద దావానలం పుట్టి దాదాపు అయిదువేల హెక్టార్లు కాలిపోయింది. అప్పటి మోడులు చూచినవారు ఇప్పటికీ చెబుతారు. అందువల్ల జూన్ 1 నుంచి సెప్టెంబరు చివరి దాకా అడవిలోకి ఇష్టం వచ్చినట్లు పోనివ్వరు; రేపు వెళ్ళవచ్చునా, కూడదా అన్నది ముందురోజు సాయంత్రం ప్రకటిస్తారు. గాలి ఎక్కువగా ఉన్న రోజున దారులన్నీ మూసివేస్తారు. అగ్గిపుల్ల గీయటం, సిగరెట్టు కాల్చటం పనికిరాదు. మన కాలేజీల సెలవులు మే నెలలో గనుక మనకు అనుకూలమే. ఆ నెలలో వాళ్ళకు పండుగ సెలవులు అనేకం. మే 1న బస్సు మీద ఆశ పెట్టుకోకండి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తీసుకువెళ్ళండి, కొండమీద తాగునీరు దొరకదు. చెప్పులు కాదు, అడుగు పట్టుగల బూట్లు. అమ్మ కాన్వాసు బూట్లతోనే ఎక్కింది గాని, దిగేటప్పుడు రెండుచోట్ల కూర్చుని జరగవలసివచ్చింది.