మా కాపురం కోవిల్‌పట్టికి తరలిన వైనం

ముప్ఫయ్యేడేళ్ళ కాపురంలో మేము పదకొండు ఇళ్ళు మారాము. రైలు ఉద్యోగికి ఇది వింత కాదు. గుంతకల్లులో మొదలై సికింద్రాబాదులో ముగిసిన ఆ మార్పులన్నింటికీ బదిలీ ఉత్తరువు వుండేది. ఎక్కడికని గాని, ఎందుకని గాని ఇంట్లో ఎవరూ అడగవలసిన పని వుండేది కాదు. పన్నెండవ ఇంటికి ఉత్తరువు లేదు. దాన్ని మేమే నిర్ణయించుకోవలసి వచ్చింది. తగాదా అంతా అక్కడే వచ్చింది.

మాది కోవిల్‌పట్టి దగ్గర కరిసల్ పల్లె. మా ఆవిడది ఆదోని. ఉద్యోగ విరమణ అయ్యాక రెండేళ్ళపాటు ఈ రెండు వూళ్ళూ మా ఇంట్లో వాదులాడుకొన్నవి. "అక్కడ మీకు అక్క వుంది, చెలక వుంది, నోటి నిండా అరవం వుంది. నాకేముంది?" అని ఆవిడ ప్రశ్న. "అక్కడా ఇంట్లో తెలుగే గదా!" అన్నాను. "మీ అక్క తెలుగు నాకు సగమే తెలుస్తుంది. తక్కిన సగానికి నవ్వి వూరుకొంటున్నాను, ముప్ఫయ్యేడేళ్ళుగా" అన్నది. ఆ సంగతి నాకు అంతవరకు తెలియనే తెలియదు.

చివరకు ఒక షరతు మీద ఒప్పుకొన్నది. ఒక్క సంవత్సరం చూస్తుంది. నచ్చకపోతే వెళ్ళిన దారినే వెనక్కి. షరతుకు గుర్తుగా ఒక ట్రంకుపెట్టె సర్ది, తాళం వేసి, "దీన్ని అక్కడ విప్పను" అన్నది.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. అందుచేత 2018 జనవరిలో ముక్కనుమ కూడ వెళ్ళనిచ్చి, తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాము. సామాను ముందే లారీలో పోయింది. కారులో మేమిద్దరం, తులసి కుండీ, ఆవకాయ జాడీ, ఆ పెట్టె. రైలువాళ్ళై వుండి ఈ వయస్సులో కారెందుకని పిల్లలు కోప్పడ్డారు. "దారి చూస్తూ పోవాలి. తిరిగి రావలసి వస్తే గుర్తుండాలి గదా!" అని వాళ్ళమ్మ జవాబు.

గుర్తు పెట్టుకోవడానికి నిజానికి ఏమంత లేదు. అంతా ఒకటే రోడ్డు. పూర్వం కాశీ నుంచి కన్యాకుమారి దాకా 2,369 కిలోమీటర్లు సాగి, దేశంలో అన్నింటికన్న పొడుగైన రహదారిగా పేరుపొందిన ఏడవ నంబరు రోడ్డును మన పెద్దలంతా ఎరుగుదురు. 2010లో నంబర్లు మార్చినప్పుడు దాని దక్షిణ భాగం శ్రీనగరు నుంచి వచ్చే నలభై నాలుగవ నంబరు రోడ్డులో కలిసింది. హైదరాబాదులో ఎక్కితే కర్నూలు, అనంతపురం, బెంగుళూరు, సేలం, మదుర మీదుగా సుమారు 1,100 కిలోమీటర్లు పోయి మన కోవిల్‌పట్టి పక్కనే దింపుతుంది. మన తాతముత్తాతలు వచ్చిన దిక్కూ ఇదే. వారికి రోడ్డు లేదు, అంతే తేడా.

ఆవిడ ఒక చిన్న సంచీలో రూపాయి బిళ్ళలు మూటకట్టుకొని వచ్చింది, దారిలో వచ్చే ప్రతి నదికీ ఒకటి చొప్పున. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేసరికి ఇంకా మంచు విడలేదు. ఆంజనేయస్వామికి కారులోంచే దండం పెట్టి, మొదటి బిళ్ళ వేసింది. కర్నూలులో తుంగభద్ర వంతెన మీదికి రాగానే నాకు చిన్నప్పుడు మా అవ్వ చెప్పిన కథ జ్ఞాపకం వచ్చింది.

ఆ కథ వినని ఇల్లు మనలో వుండదనుకొంటాను. ఒక పిల్లను చూసి ఒక ప్రభువు మనసుపడ్డాడు. ఇవ్వడానికి ఇష్టం లేక కుటుంబాలన్నీ రాత్రికి రాత్రి బయలుదేరాయి. ముందు నది పొంగుతున్నది, వెనుక గుర్రాల డెక్కల చప్పుడు. అప్పుడు ఒడ్డున వున్న కానుగ చెట్టు వంగి వంతెన అయింది. అందరూ దాటాక లేచి నిలబడ్డది. తొట్టియ నాయకుల నోట ఈ కథ వున్నదని థర్‌స్టన్ దొర 1909లో అచ్చువేసిన కులాల గ్రంథంలో వ్రాశాడు. రెడ్లూ కమ్మవారూ కూడ తమ తమ తీరున చెప్పుకొంటారు. నది పేరు చెప్పేవారిని బట్టి మారుతుంది. మా అవ్వకు మాత్రం అది తుంగభద్రే.

కథంతా విని మా ఆవిడ బిళ్ళ వేయడం ఆపి అడిగింది: "చెట్టు సంగతి సరే. ఆ రాత్రి కుండలూ చట్టీలూ ఎవరు సర్దారు? ఏది తేవాలో ఏది వదలాలో ఎవరు చెప్పారు?" మా అవ్వ అది చెప్పలేదు. థర్‌స్టనూ వ్రాయలేదు.

చరిత్రకారులు చెప్పేది వేరే దారి. పధ్నాలుగవ శతాబ్దిలో కుమార కంపన మదుర మీదికి దండెత్తి వచ్చినప్పటి నుంచి దక్షిణానికి విజయనగరం సేనలు వస్తూనే వున్నవి. 1529 ప్రాంతాన విశ్వనాథ నాయకుడు మదురలో పాలన స్థాపించాక, సైనికుల వెంట రైతులూ, రైతుల వెంట తక్కిన వృత్తులవారూ తరలివచ్చారు. తామ్రపర్ణి ఒడ్డున వరి పండే భూములన్నీ అప్పటికే ఎవరివో అయిపోయినవి. మిగిలింది నల్లరేగడి. నీరు లేదని ఇతరులు పెద్దగా పట్టించుకోని ఆ నేలలో ప్రత్తీ జొన్నా పండించడం మనవారికి వచ్చు. పంచాలంకురిచ్చి, ఎట్టయపురం వంటి పాళెములూ తెలుగు కంబళ నాయకులవే.

దారి పొడుగునా నాకొక పిచ్చి లెక్క పట్టుకొన్నది. కర్నూలు నుంచి కోవిల్‌పట్టికి తొమ్మిదివందల కిలోమీటర్లు. ఎద్దుల బండి రోజుకు ఇరవై పోతే నలభై అయిదు రోజులు, ఎక్కడా ఆగకుండా. ఎడ్లు ఈనవు గాని వెంట వచ్చిన ఆవులు ఈనుతాయి, ఆడవాళ్ళు ప్రసవిస్తారు, వానాకాలం వస్తుంది. నలభై అయిదు రోజులు కాదు, ఒక తరమే పట్టి వుంటుంది.

పామిడి దగ్గర పెన్నలో నీరు లేదు. ఇసుకలోకే బిళ్ళ విసిరింది. పెనుకొండ కొండ దూరంగా కనిపించింది. 1565లో విజయనగరం పాడుబడ్డాక రాజులు కాపురం మార్చిన చోటది. వాళ్ళకూ ఉత్తరువు లేదు పాపం. బెంగుళూరు గురించి వ్రాయడానికి ఏమీ లేదు. మూడు గంటలు బండ్ల మధ్య కూర్చొన్నాము. రాత్రి హోసూరులో బస.

మరునాడు కృష్ణగిరి దాటగానే టైరు పంక్చరయింది. మేమిద్దరం తప్పెవరిదని వాదించుకొంటుంటే, పంక్చరు వేసే కుర్రవాడు తల ఎత్తకుండానే, "పెద్దమ్మ చెప్పేదే నిజం సామీ, మొల నిన్నటిదే" అన్నాడు. తెలుగే! వాళ్ళింట్లో అందరూ మాట్లాడతారట. చదవను, వ్రాయను రాదట. "నాకు అరవం అక్షరాలే తెలుసు" అన్నాడు. మా అక్కా అంతే. నాకైనా తెలుగు అక్షరాలు గుంతకల్లులో మా ఆవిడే నేర్పింది, పెళ్ళయిన ఏడాది, బొగ్గుతో వంటింటి గచ్చు మీద.

తొప్పూరు కనుమ భయం భయంగా దిగాము. లారీలు అదుపు తప్పడానికి పేరుమోసిన దిగుడది. కావేరీపట్టణం వద్ద దక్షిణ పినాకిని అప్పటికే అయింది. నామక్కల్ దాటి వేలూరు దగ్గర కావేరి వచ్చింది. అక్కడ మాత్రం కారు ఒక పక్కగా ఆపించి, వంతెన కిందికి దిగి నీళ్ళు తల మీద చల్లుకొన్నది. కరూరులో అమరావతి, మదుర పక్కన వైగై. విరుదునగరంలో నాలుగింటికి నూనె పరోటా తిన్నాము. కామరాజు పుట్టిన వూరు, 1923కు పూర్వం విరుదుపట్టి అని చెప్పబోతే, "ముందు తిననివ్వండి" అన్నది.

సాత్తూరు దగ్గర వైప్పారు ఎనిమిదవ నది. చివరి బిళ్ళ. అదీ ఇసుకే. వంతెన దాటాక కిటికీ దింపి, పొలాల వైపు చాలాసేపు చూసి అన్నది: "సంక్రాంతి వెళ్ళింది గదా, పైరింకా నిలబడే వుందేం?"

ఆ ప్రశ్న విలువ నాకు అప్పుడు తెలియలేదు.

చీకటి పడేసరికి కోవిల్‌పట్టి చేరాము. అక్క హారతి పళ్ళెంతో గుమ్మంలో నిలబడి వున్నది. మరునాడు మంచి ఘడియలో పాలు పొంగించి, వచ్చినవారందరికీ కడలై మిఠాయి పంచాము. మన వూరి మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గాని, రుచి అప్పుడూ అదే.

మొదటి నాలుగు నెలలూ కష్టంగానే గడిచినవి. తామ్రపర్ణి నీరు గొట్టంలో రోజూ రాదు. అంగడిలో అరవం రాక వేలితో చూపించి కొనేది. అక్కా ఆవిడా తెలుగులోనే మాట్లాడుకొని, మధ్యలో ఆగి, నా వైపు చూసేవారు. జూన్ నెల వచ్చింది. ఒకనాడు చెలక చూడబోతే నేల నెర్రెలు విచ్చి, మడమ ఇరుక్కొనేటట్లు వున్నది. మా ఆవిడ ఒక గడ్డ తీసి వేళ్ళతో చిదిపి, "మా ఆదోని మట్టే" అన్నది. తరువాత మా మేనల్లుణ్ణి అడిగింది: "తొలకరి రోజులు గదా నాయనా, విత్తడం లేదా?"

"తొలకరేంది అత్తా? ఇక్కడ ఐప్పసిలో గదా వాన" అన్నాడు.

ఆదోనిలో మృగశిర కార్తెకు చూపు ఆకాశం మీద వుంటుంది. కోవిల్‌పట్టి కరిసల్‌కు నైరుతి వాన అందదు. పడమటి కనుమలు అడ్డం. మన ప్రత్తీ మినుమూ జొన్నా పురట్టాసి, ఐప్పసి మాసాల్లో ఈశాన్యపు వానకే పడాలి. మట్టి అదే, వాన దిక్కు మాత్రం మారింది. మొదట వచ్చినవాళ్ళు జూన్‌లో విత్తి ఎన్నేళ్ళు నష్టపోయారో అని ఆవిడ ఆ రాత్రంతా అదే మాట.

మనవారిలో ముదిమిలో కాపురం మార్చిన దంపతులు ఇంకొకరు వున్నారు. ఇడైసేవల్ రచయిత కి. రాజనారాయణన్. తెలుగింటి బిడ్డ, పెద్ద చదువులు లేవు. మన వలస కథను 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా అరవంలో వ్రాశారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. 1989లో, అరవై దాటిన వయస్సులో, విశ్వవిద్యాలయం పిలిస్తే భార్య గణవతి అమ్మాళ్‌తో పుదుచ్చేరి పోయి అక్కడే వుండిపోయారు. ఆమె 2019లో, ఆయన 2021 మే 17న అక్కడే పోయారు. ఆయన దేహాన్ని మాత్రం రోడ్డు మీద ఇడైసేవల్‌కు తెచ్చి ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. ఆ వార్త చదివి మా ఆవిడ, "ఆమె పుదుచ్చేరికి ఏమేం తీసికొనిపోయిందో!" అన్నది.

ఇక మా పెట్టె సంగతి. 2018 అక్టోబరులో ఒక రాత్రి వాన మొదలయింది. ఉరుములు లేవు, తూర్పు నుంచి ఒకటే ధార. కొత్త ఇంటి పడమటి గదిలో కిటికీ చెక్కకూ గోడకూ సందు వున్నదని అప్పుడు తెలిసింది. నీరు గదిలోకి పారుతున్నది. నేను బకెట్టు కోసం వెతుకుతుంటే వెనుక తాళం తీసిన చప్పుడయింది. ఆవిడ పెట్టెలోంచి పాత దుప్పట్లు లాగి కిటికీ కింద కుక్కుతున్నది. తెల్లవారి మేనల్లుడు వచ్చి, విత్తనాలకు పోతున్నాను, గొడుగు కావాలి అని అడిగాడు. అది కూడ ఆ పెట్టె అడుగునే వున్నది.