ముద్రాచిత్రము – కన్ ప్రత్యయలోపము

శ్రీకాకుళమునఁ బుట్టిన వడ్డాది పాపయ్య (1921–1992) ‘వపా’ యను సంకేతముతో ‘చందమామ’ ముఖపత్రములపైఁ బురాణమూర్తులను జిత్రించెను. వెలకుఁ గొన్న యట్టి పత్రమున శివమూర్తి యున్నచో దానిని ‘శివః’ అనవలెనా, ‘శివకః’ అనవలెనా?

ప్రతికృత్యర్థమునఁ గన్ ప్రత్యయమును విధించిన పాణిని, జీవికకై యుండియు నమ్మఁబడని ప్రతిమయందు దానికి లోపమును జెప్పెను. కావున నంగడిప్రతిమ ‘శివకః’. ధనార్థులైన మౌర్యులు చేయించిన యర్చలయందు లోపము లేదనియు, సంప్రతి పూజార్థములైనవానియందుఁ గలదనియుఁ బతంజలి వివరణము.

కాశికావృత్తి దేవపథాదులయందుఁ జిత్రకర్మమును, ధ్వజమును జేర్చినది. అచ్చట ‘అపణ్య’ నియమము లేదు. ముద్రణము ప్రతులను బెంచునే కాని చిత్రత్వమును బోగొట్టదు. కావునఁ బత్రిక పణ్యమే యైనను దానియందలి మూర్తి ‘శివః’ అనుటయే సాధువు. చట్టమున బిగించి పూజించినచో సందేహమే లేదు.