కాసుల పేరులో వెనిస్ నాణెం ఉందేమో చూశారా?

అమ్మమ్మగారి కాలం నాటి కాసుల పేరు మార్చి కొత్త నగ తీసుకునే ఆలోచనలో ఉన్నారా? షాపుకు బయల్దేరే ముందు ఒక సాయంత్రం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, భూతద్దం పెట్టి ఒక్కో కాసునూ రెండు వైపులా చూడండి. చాలావాటి మీద లక్ష్మీదేవి ఉంటుంది. కొన్నింటి మీద విక్టోరియా రాణి. ఎప్పుడో ఒకసారి మాత్రం ఇంకో రకం బొమ్మ కనిపిస్తుంది: నిలబడి ఉన్న ఒక మనిషి, ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్న మరో మనిషి, ఇద్దరి మధ్యా నిలువుగా ఒక జెండా కర్ర. అది వెనిస్ నగరపు డుకాట్ కావచ్చు, లేదా దాన్ని చూసి మన దేశంలో చేసిన నకలు కావచ్చు. షాపులో కరిగించాక రెండూ గ్రాముల లెక్కే. కరిగించకముందు మాత్రం అది అయిదారు వందల ఏళ్ల నాటి వస్తువు అయ్యే అవకాశం ఉంది.

ఇటలీ నాణెం మన మెడలోకి ఎలా వచ్చిందనేది పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న. జవాబు మిరియాలు. వెనిస్ వర్తకులు అలెగ్జాండ్రియాలో మిరియాలు, అల్లం, దాల్చినచెక్క కొనేవారు. ఆ సరుకు అక్కడికి చేరేది మన పడమటి తీరం నుంచి. ఐరోపా వాళ్ల దగ్గర మనకు కావలసిన సరుకు పెద్దగా లేదు కాబట్టి బంగారం, వెండి ఇచ్చేవారు. అలా డుకాట్లు ఈజిప్టు, అరేబియా మీదుగా మలబారు తీరానికి వచ్చాయి. అప్పటి విజయనగర వరహా బరువు దాదాపు 3.4 గ్రాములు, డుకాట్ సుమారు 3.5 గ్రాములు. రెండూ దగ్గర దగ్గరగా ఉండటంతో మన షరాబులకు లెక్క తేలికైంది. బంగారం కూడా 99 శాతానికి పైగా స్వచ్ఛమైనది. దీన్ని నగల్లో కూర్చడం ఎంత అలవాటైపోయిందంటే, అసలువి దొరక్కపోతే మనవాళ్లే నకళ్లు చేశారు. మహారాష్ట్రలో ఇప్పటికీ పేరున్న పుతలీ హారం ఈ నాణేల వంశమే. పుతలి అంటే బొమ్మ.

అసలుదా, నకలా?

వెనిస్ డుకాట్ మొదట 1284లో వచ్చింది. 1797లో నెపోలియన్ ఆ రాజ్యాన్ని అంతం చేసేదాకా దాని బొమ్మ దాదాపు మారలేదు. అయిదు వందల ఏళ్లు ఒకే డిజైన్! దూరదేశాల వర్తకులు చూడగానే నమ్మాలంటే నాణెం ముఖం మార్చకూడదని వెనిస్ వాళ్లకు బాగా తెలుసు. నిలబడిన వ్యక్తి ఆ నగరపు రక్షకుడైన సెయింట్ మార్క్. మోకరిల్లినది డోజ్, అంటే ఎన్నికైన పాలకుడు. రెండో వైపు నక్షత్రాల మధ్య, కోడిగుడ్డు ఆకారపు చట్రంలో క్రీస్తు ఉంటాడు.

నాణెం మీద సంవత్సరం ఉండదు. అందుకే అంచు వెంబడి ఉన్న డోజ్ పేరు చదవాలి. లియొనార్డో లొరెడాన్ పేరుంటే 1501 నుంచి 1521 మధ్యది. ఆండ్రియా గ్రిట్టి అయితే 1523 నుంచి 1538 మధ్యది. జెండా కర్ర పక్కన పైనుంచి కిందికి మూడు అక్షరాలుంటాయి: డి, వి, ఎక్స్. లాటిన్‌లో 'యు'ను 'వి'గా చెక్కేవారు కాబట్టి దాన్ని డుక్స్ అని చదవాలి. డోజ్ అన్న మాటకు అదే మూలం.

నకలు పట్టుబడేది ఈ అక్షరాల దగ్గరే. మన కంసాలికి బొమ్మ అర్థమైంది, లాటిన్ అర్థం కాలేదు. అందుకని అక్షరాల చోట గీతలు, సున్నాలు, తిరగబడిన ముక్కలు వరసగా ఉంటాయి. మనుషులు కూడా అగ్గిపుల్లల బొమ్మల్లా మారిపోతారు. నన్నడిగితే ఈ నకళ్లే ఎక్కువ ఆసక్తికరం. మోసం కోసం చేసినవాటిని పక్కనపెడితే, ఇవి మన కంసాలి చేతిలో మళ్లీ పుట్టిన వెనిస్ నాణేలు. చరిత్ర ఇష్టపడే సేకర్తలు వీటిని విడిగా వెతుక్కుంటారు. కొక్కెం అతికించి ఉన్నా ఊడదీయకండి. దాన్ని కోసే ప్రయత్నంలో నాణెం మరింత పాడవుతుంది.

బొమ్మ లేని నాణెం

డుకాట్‌కు జోడీగా మరో నాణెం ఉంది. 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ను గెలిచిన ఒట్టోమాన్ సుల్తాను రెండో మెహ్మద్, హిజ్రీ 882లో, అంటే 1477-78లో, తన సొంత బంగారు నాణెం 'సుల్తానీ' ముద్రించాడు. అప్పటికి వెనిస్‌తో అతనికి యుద్ధం నడుస్తోంది. అయినా నాణెం బరువు మాత్రం వెనిస్ డుకాట్‌కు సరిసమానంగా పెట్టాడు. శత్రుత్వం శత్రుత్వమే, బజారు బజారే! అంతకు యాభై ఏళ్ల ముందు ఈజిప్టు మమ్లూక్ సుల్తాను బర్స్‌బే కూడా డుకాట్‌కు పోటీగానే 'అష్రఫీ' తెచ్చాడు.

సుల్తానీ మీద మనిషి బొమ్మ ఉండదు, రెండు వైపులా అరబిక్ రాతే. అరబిక్ రాకపోయినా కంగారు పడకండి, అంకెలు పట్టుకుంటే చాలావరకు తెలిసిపోతుంది. ఒకటి, తొమ్మిది మనకు తెలిసినట్టే ఉంటాయి. ఆరు చూడ్డానికి మన 7 లాంటిది. ఏడు ఇంగ్లిష్ 'వి' అక్షరంలా, ఎనిమిది దాన్నే తలకిందులు చేసినట్టు ఉంటాయి. సున్నా ఒక చుక్క మాత్రమే. మనకు సున్నాలా గుండ్రంగా కనిపించేది అయిదు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. రాత కుడి నుంచి ఎడమకు సాగినా, అంకెలను మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి.

వచ్చేది హిజ్రీ సంవత్సరం. అది చంద్రుడి లెక్క, మన సంవత్సరం కంటే దాదాపు 11 రోజులు తక్కువ. రంజాన్ ఏటా ముందుకు జరగడానికి కారణం అదే. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలపమని మీ ఏడో తరగతి అబ్బాయికో అమ్మాయికో చెప్పండి. నాణెం మీద 926 ఉంటే 898, దానికి 622 కలిపితే 1520. సులేమాన్ సింహాసనం ఎక్కిన ఏడాది అది. ఇక్కడో కిటుకు ఉంది. ఒట్టోమాన్ నాణేల మీద సాధారణంగా ఉండేది పట్టాభిషేకం జరిగిన సంవత్సరం, ముద్రించిన సంవత్సరం కాదు. సులేమాన్ 1566 దాకా పాలించాడు కాబట్టి 926 అని ఉన్న నాణెం ఆ 46 ఏళ్లలో ఎప్పటిదైనా కావచ్చు. 974 ఉంటే రెండో సెలీమ్, 982 ఉంటే మూడో మురాద్. టంకశాల పేరు కూడా ఉంటుంది: మిస్ర్ అంటే కైరో, హలబ్ అంటే అలెప్పో.

ఒక మాట ప్రయాణం కూడా చెప్పుకోవాలి. అరబిక్‌లో నాణెం అచ్చును సిక్కా అంటారు. వెనిస్ వాళ్లు తమ టంకశాలను జెక్కా అన్నారు, దాన్నుంచి డుకాట్‌కు జెక్కినో అన్న పేరు వచ్చింది. అదే ఫ్రెంచ్, ఇంగ్లిష్ నోళ్లలో సీక్విన్ అయింది. యాన్యువల్ డే డ్రెస్‌కు మీరు కుట్టించే మెరుపు బిళ్లలు అవే! మన నిజాం కాలపు హాలీ సిక్కాలోని సిక్కా కూడా ఆ మాటే.

కొనాలనుకుంటే

పిల్లల సేకరణను బంగారంతో మొదలుపెట్టకండి. సులేమాన్ కాలపు వెండి 'అక్చే' గ్రాము బరువు కూడా ఉండదు, బంగారంతో పోలిస్తే చాలా చవక. అంతకంటే నచ్చేది నాకు న్యూరెంబర్గ్ ఇత్తడి బిళ్ల. ఒకవైపు శిలువ ఉన్న గోళం, రెండో వైపు గులాబీ చుట్టూ మూడు కిరీటాలు, మూడు లిల్లీ పూలు. హాన్స్ క్రావింకెల్ అన్న పేరు తరచూ కనిపిస్తుంది. పచ్చగా మెరుస్తుంది కాబట్టి బంగారు నాణెం అని అమ్మేవాళ్లున్నారు. అసలది నాణెమే కాదు, కూడికలు, తీసివేతలు చేసుకునే లెక్క బిళ్ల. రోమన్ అంకెలతో కాగితం మీద గుణకారం ఎంత కష్టమో ఒకసారి మీరే ప్రయత్నించండి. అందుకే గీతలు గీసిన బల్ల మీద ఈ బిళ్లలు జరుపుతూ లెక్క చేసేవారు. ఆడమ్ రీస్ 1518లో ఆ పద్ధతి మీద పుస్తకం రాశాడు. 1522 నాటి పుస్తకంలో, భారతదేశం నుంచి అరబ్బుల ద్వారా చేరిన అంకెలతో కలంతో లెక్క చేయడం కూడా నేర్పాడు. మన అంకెల ముందు నిలవలేక పక్కకు తప్పుకున్న వస్తువు మీ అరచేతిలో ఉంటుందన్నమాట.

నకిలీల బెడద ఎక్కువగా స్పానిష్ ఎనిమిది రియాల్ వెండి నాణేల్లో ఉంది. అసలుది దాదాపు 27 గ్రాములు. నగల తూకానికి వాడే, 0.01 గ్రాము చూపించే చిన్న ఎలక్ట్రానిక్ కాటా తీసుకోండి. గ్లాసు నీళ్లు దాని మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, అడుగుకు తగలకుండా నీళ్లలో ముంచండి. 27 గ్రాముల మంచి వెండి నాణేనికి కాటా సుమారు 2.6 చూపాలి. 3 దాకా పోతే లోపల రాగి ఉందని అనుమానించాలి. అదే పద్ధతిలో 3.5 గ్రాముల డుకాట్ దాదాపు 0.18 చూపిస్తుంది. ఆర్కిమెడిస్ సూత్రం పాఠం వచ్చినప్పుడు చేసి చూపిస్తే ఇక మరచిపోరు. అంచు చుట్టూ సన్నని అతుకు గీత, పైన బుడగల గుంటలు ఉంటే అది పోతపోసిన నకిలీ. చింతపండు, టూత్‌పేస్ట్, సిల్వర్ పాలిష్ మాత్రం ముట్టుకోనివ్వకండి. ఆ నల్లటి పొర పోతే వయసుకు సాక్ష్యం పోయినట్టే, ధరా పడిపోతుంది.

చట్టం మాట కూడా తెలుసుకోవాలి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి, మనం దాన్ని దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న అబ్బాయికి కానుకగా పంపడం కూడా కుదరదు. పొలంలో, పాత ఇంటి పునాదిలో నాణేలు దొరికితే 1878 నాటి నిధుల చట్టం కింద కలెక్టరుకు తెలపాలి. పాతవి దగ్గరగా చూడాలంటే హైదరాబాద్‌లో పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియం ఉంది. వెళ్లేటప్పుడు చిన్న నోట్‌బుక్, పైన చెప్పిన అరబిక్ అంకెలు రాసుకున్న ఒక చీటీ పిల్లల చేతికివ్వండి.